పాత సామాన్లతో నాలుగడుగుల రైల్వే యార్డు: తక్కువ ఖర్చుతో కట్టే పద్ధతి

బల్ల మీద నడిచే రైల్వే అనగానే చాలామంది గది నిండా తిరిగే పట్టాలు, సొరంగాలు, పెద్ద వంతెనలు ఊహించుకుంటారు. ఖర్చు మితిమీరేది కూడా ఆ ఊహ దగ్గరే. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997లో మొదలైన ఆర్చి వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. దాన్ని వందో వంతుకు కుదించినా 27 మీటర్లు వస్తుంది, అంటే మామూలు అపార్ట్‌మెంటు ఫ్లాటులో ఒక చివర నుంచి రెండో చివరకు కూడా పట్టదు. అందుచేత పొదుపు అట్టముక్కల దగ్గర, జిగురు దగ్గర మొదలు కాదు, ఏం కట్టాలో నిర్ణయించుకునేటప్పుడే మొదలవుతుంది. ప్లాను చిన్నదైతే డబ్బు పెట్టక తప్పని మూడు నాలుగు వస్తువులను మంచివిగా కొనుక్కోవచ్చు, మిగిలినదంతా ఇంట్లోనూ వడ్రంగి దుకాణంలోనూ పాత సామాన్ల కొట్టులోనూ దొరికేదే.

ప్లాను

బ్రిటన్‌లో ఆలన్ రైట్ అనే ఔత్సాహికుడు రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే చిన్న షంటింగ్ యార్డు (ఇంజనుతో వ్యాగన్లను అటూ ఇటూ మార్చి వరుసలు కూర్చే చోటు) నమూనాను ప్రపంచమంతటా స్థలమూ డబ్బూ తక్కువగా ఉన్నవారు దశాబ్దాలుగా అనుసరిస్తున్నారు. మన పనికి కూడా అదే సరిపోతుంది. ఇందులో గుండ్రంగా తిరగడం ఉండదు. ఒక వైపు ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టేంత షంటింగ్ నెక్ అనే పట్టా ముక్క ఉంటుంది, అక్కడి నుంచి రెండు పాయింట్ల (బండి దారి మార్చే పట్టా ముక్కల) ద్వారా మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు) చీలుతాయి. పొడవైన సైడింగులో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి వ్యాగన్లు పడతాయి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది, ఇంజను ఒకటి. ఎనిమిదింటిలో ఐదింటికి చీటీలు తీసి, చీటీలు వచ్చిన వరుసలోనే వాటిని పొడవైన సైడింగులో నిలబెట్టాలన్నది ఆట. ఎనిమిదింటి నుంచి ఐదింటిని వరుసక్రమంతో ఎన్నుకునే విధానాలు 6,720 కాబట్టి, ఒకసారి వచ్చిన వరుస మళ్ళీ రావడం అరుదు. ఒకే చోట తిరిగే రైలును చూసి పిల్లలు వారం రోజుల్లో విసిగిపోతారు గానీ, దీన్ని చూసి అంత తొందరగా విసగరు.

ఈ యార్డు మన దేశపు పాత గూడ్స్ పద్ధతికి కూడా సహజంగా అమరుతుంది. ఒకప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాల్లోని చిన్న స్టేషన్లలో గూడ్స్ షెడ్డు, పక్కనే రైస్ మిల్లు, ఒకటి రెండు డెడ్ ఎండ్ సైడింగులు ఉండేవి. గూడ్స్ బండి వచ్చి రెండు వ్యాగన్లు వదిలి, నింపిన మూడింటిని తగిలించుకుని వెళ్ళేది. రైల్వే క్రమంగా పూర్తి రేకులుగానే, అంటే మొత్తం బండికి బండిగానే, సరుకు పంపడానికి మొగ్గిన తరువాత ఆ పని చాలావరకు కనుమరుగైంది. కాబట్టి మీ యార్డును 1970ల నాటి కోస్తా స్టేషనుగా అనుకుంటే, నాలుగు చక్రాల పొట్టి డబ్బా వ్యాగన్లూ చిన్న షంటింగ్ డీజిలూ అందులో సరిగ్గా ఇముడుతాయి. పొట్టి వ్యాగన్ల వల్ల యార్డు పొడవు కూడా తగ్గుతుంది.

స్కేలు

బజారులో ఎక్కువగా దొరికే పట్టాలు, చక్రాలు హెచ్‌వో రకానివి. వాటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, స్కేలు 87లో ఒక వంతు. ఆ లెక్కన 16.5 మిల్లీమీటర్లు 1,435 మిల్లీమీటర్ల విదేశీ స్టాండర్డ్ గేజికి సరిపోతాయి గానీ, మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. అదే స్కేలులో మన బండి కడితే పట్టాలు ఇరుకుగా, బండి తలబరువుగా కనిపిస్తుంది.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఉంది. పట్టాలూ చక్రాలూ హెచ్‌వోవే కొని, మీరు చేతితో చేసే బండ్లను, కట్టడాలను మాత్రం వందో వంతుకు చేయండి. అప్పుడు 16.5 మిల్లీమీటర్లు 1,650 మిల్లీమీటర్లతో సమానమై, బ్రాడ్‌గేజికి కంటికి తేడా తెలియనంత దగ్గరగా వస్తుంది. మన వ్యాగన్ కొత్త చక్రం వ్యాసం ఒక మీటరు, అంటే మోడలులో 10 మిల్లీమీటర్లు. హెచ్‌వోలో దొరికే 10.5 మిల్లీమీటర్ల చక్రం దానికి చాలినంత దగ్గర. లెక్కలు కూడా సులువు, మీటరుకు సెంటీమీటరు. స్టేషనుకు వెళ్ళి టేపుతో కొలిచిన కొలతలో దశాంశ బిందువు జరిపితే చాలు. భవన నిర్మాణ నమూనాలు చేసేవారు ఇదే స్కేలు వాడతారు కనుక చిన్న మనుషుల బొమ్మలు కావాలన్నా దొరుకుతాయి. ఇంజను విషయంలో మాత్రం, ఆరు చక్రాలున్న హెచ్‌వో షంటింగ్ ఇంజను ఏదైనా తీసుకుని దాని పైడొక్కు తీసేసి మీరు చేసిన అట్ట డొక్కు పెట్టాలి. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 కూడా ఆరు చక్రాల షంటింగ్ డీజిలే కనుక ఆ రూపం ఇలాంటి అడుగుభాగం మీద చక్కగా కూర్చుంటుంది.

ఏవి కొనాలి, ఏవి ఏరుకోవాలి

కొనవలసినవి ముఖ్యంగా నాలుగే: ఇంజను, రెండు పాయింట్లు, సుమారు రెండున్నర మీటర్ల పట్టా, పదహారు జతల లోహపు చక్రాలు. వీటిలో చేసే పొదుపు పొదుపు కాదని నా అభిప్రాయం. పాత పట్టా వంకర పోయి ఉన్నా, చక్రం ఇరుసు మీద వంకరగా కూర్చున్నా బండి ప్రతి పాయింటు దగ్గరా కింద పడుతుంది. అలా నెల రోజులు గడిస్తే మొత్తం యార్డు అటక ఎక్కుతుంది.

వీటినే సెకండ్ హ్యాండులో కొనడం మాత్రం తెలివైన పని. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న బంధువులు సెలవులకు వస్తుంటే, అక్కడ ఇళ్ళ ముందు పెట్టే పాత సామాన్ల అమ్మకాల్లో వాడిన ట్రైన్ సెట్ దొరికితే తెమ్మని ముందే చెప్పవచ్చు. ఇంగ్లండులో ఓవో అనే రకం బండ్లు స్కేలులో కాస్త పెద్దవైనా వాటి పట్టాల గేజి కూడా 16.5 మిల్లీమీటర్లే, కాబట్టి పనికివస్తాయి. పాత పట్టా కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అయస్కాంతం అంటుకుంటే అది ఉక్కు పట్టా, మన సముద్రతీరపు తేమలో త్వరగా తుప్పు పడుతుంది, వద్దు. అంటుకోకుండా పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, దాన్ని తరచూ తుడుస్తూ ఉండగలిగితే తీసుకోవచ్చు. అంటుకోకుండా తెల్లగా మెరిస్తే నికెల్ సిల్వర్, మీకు కావలసింది అదే.

ఏరుకోవలసినవాటి జాబితా పెద్దదే గానీ, అన్నీ ముందే పోగుచేసి ఇల్లు నింపవద్దు. పెళ్ళి శుభలేఖలు, అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్ళు, పాత రూటరు అడాప్టరు, కంప్యూటర్ నెట్‌వర్క్ వైరు ముక్క, టీవీ పెట్టెలోని థర్మోకోల్, వాడిన టీ పొడి, రంపపు పొట్టు, గేటుకు వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ డబ్బా, పాడైన స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం ఉంటే పని మొదలుపెట్టవచ్చు. హైదరాబాదులో ఉన్నవారికి ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడాప్టర్లు, స్విచ్చులు చవకగా దొరుకుతాయి. కొత్త స్విచ్చులు, చిన్న సర్క్యూట్ బోర్డులు కావాలంటే కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది.

బల్ల

ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. కప్‌బోర్డులు చేసే వడ్రంగి దగ్గర అడ్డంగా కోసిన పట్టీలు మిగులుతూనే ఉంటాయి, వాటి పొడవు సహజంగానే నాలుగడుగులు, అంటే 1,219 మిల్లీమీటర్లు. మన యార్డుకు కావలసింది దాదాపు 1,170. అడుగు వెడల్పున్న పట్టీ ఒకటి దొరికితే బల్ల సమస్య తీరినట్లే. మందం ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు చాలు, కానీ ఒంటి ప్లైవుడ్ వానాకాలంలో విల్లులా వంగుతుంది. కాబట్టి కింద నాలుగు వైపులా, మధ్యలో రెండు చోట్ల అడ్డంగా, ప్యాకింగ్ పెట్టెల చెక్కతో రెండంగుళాల ఎత్తు పట్టీలు జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించాలి. ఆ ఖాళీలో వైర్లు కూడా దాక్కుంటాయి.

పాత చెక్క వాడేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. గోటితో నొక్కితే పొడిపొడిగా రాలే చోటు ఉంటే అది చెదపట్టిన చెక్క, ఇంట్లోకే తేవద్దు. మిగిలిన చెక్కలో మేకులన్నీ లాగేసిన తరువాతే రంపం పెట్టండి. ఫ్రేము తయారయ్యాక ఫోనులోని లెవెల్ యాప్ పెట్టి రెండు దిశలలోనూ సమంగా ఉన్నదీ లేనిదీ చూడాలి. తేలికగా తిరిగే వ్యాగన్ కొద్దిపాటి వాలుకే తనంతట తాను జారిపోతుంది, నిలబెట్టిన చోట నిలబడని వ్యాగన్లతో షంటింగ్ సాగదు.

పట్టాలు వేయడం

బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి అంచులు టేపుతో అంటించండి. కొన్న పాయింట్లను నేరుగా దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, పట్టాల మధ్యగీతలు గీయండి. కొలతలు ఇలా వస్తాయి: ఇంజను 130 మిల్లీమీటర్లు, కొక్కెంతో కలిపి ఒక్కో వ్యాగన్ 95 మిల్లీమీటర్లు అనుకుంటే, షంటింగ్ నెక్‌కు 130తో మూడు 95లు కలిపి 415, కాస్త వెసులుబాటుతో 430. చిన్న వంపు పాయింటు సుమారు 185. ఐదు వ్యాగన్లకు 475, చివర బండిని ఆపే బఫరుకూ పాయింటు దగ్గరి ఖాళీకీ మరో 80. మొత్తం 1,170. రెండో పాయింటు చిన్న సైడింగుల వైపు వస్తుంది. మీ వ్యాగన్ పొడవు వేరైతే ఈ లెక్క మళ్ళీ వేసుకోండి. నెక్ పొడవు మాత్రం ఇంజనూ మూడు వ్యాగన్లకు మించి నాలుగో వ్యాగన్ పట్టేంత ఉండకూడదు, అప్పుడు ఆట మరీ తేలికైపోతుంది.

పాయింటు దగ్గర చేయవలసిన ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. రెండు పక్క పక్క సైడింగుల మీద 32 మిల్లీమీటర్ల వెడల్పుతో కత్తిరించిన రెండు అట్టముక్కలు పెట్టి, పాయింటు వైపు మెల్లగా జరుపుతూ, అవి ఒకదానికొకటి తగలబోయే చోటు గుర్తించండి. దానికి కాస్త వెనకగా ఉన్న బిందువే ఫౌలింగ్ మార్కు. సైడింగు పొడవును అక్కడి నుంచే లెక్కపెట్టాలి, పాయింటు చివర నుంచి కాదు. అసలు రైల్వేలో కూడా ఆ చోట తెల్లరంగు వేసిన గుర్తు పాతుతారు. మీరు తెల్లటి అగ్గిపుల్ల ముక్క పాతవచ్చు.

పట్టా కోయడానికి సన్నపళ్ళ హ్యాక్‌సా బ్లేడు చాలు. కోసిన చోట లోపలి అంచు మీద మిగిలే గరుకును గోళ్ళ ఆకురాయితో తీసేయకపోతే అక్కడే చక్రం ఎగురుతుంది. పట్టాలను మొదట చిన్న మేకులతో తాత్కాలికంగా నిలిపి, చక్రాల జత ఒకటి వేలితో తోస్తూ అటూ ఇటూ నడిపించండి. అతుకు దగ్గర చేతికి ఏ మాత్రం దెబ్బ తెలిసినా ఇప్పుడే సరిచేయండి. యార్డు కాబట్టి పట్టా కింద ఎత్తు కట్ట అవసరం లేదు, నేరుగా ప్లైవుడ్ మీద ఫెవికాల్ పలచగా రాసి అంటించవచ్చు. పాయింటులో కదిలే నాలుకల కింద మాత్రం చుక్క జిగురు కూడా పడకూడదు.

పాయింటు మార్చడానికి మోటార్లు కొననక్కరలేదు. సైకిల్ చక్రపు ఊచ ఒకటి బల్ల కింద ముందువైపుకు పెట్టి, దాని చివర వంచి పాయింటు కడ్డీకి తగిలిస్తే, ముందు నుంచి లాగితే ఒకవైపు, తోస్తే ఇంకోవైపు మారుతుంది. లోపల స్ప్రింగు ఉన్న పాయింట్లయితే అది కూడా అక్కరలేదు, వేలితో జరిపినా అక్కడే నిలుస్తాయి.

కరెంటు

ఇంజను నడవడానికి 12 వోల్టుల డీసీ కావాలి. పాత రూటరు అడాప్టర్లలో 12 వోల్టులు, ఒక ఆంపియరు రకం చాలా ఇళ్ళలో పడి ఉంటుంది. వెనక ముద్రించినది చదివి తీసుకోండి. పాత కంప్యూటర్ పవర్ సప్లైలో కూడా 12 వోల్టులు దొరుకుతాయి గానీ, ఈ పనికి దాన్ని వాడవద్దనే చెబుతాను. షార్టు అయినప్పుడు అది వదిలే ఆంపియర్లు సన్నని వైరును, పట్టా కింది ప్లాస్టిక్ స్లీపర్లను కరిగించగలవు. ఏ అడాప్టరునైనా సరే విప్పవద్దు, ఇంటి 230 వోల్టుల వైపు మన పని ఏమీ లేదు.

అడాప్టరు తరువాత చిన్న మోటార్ల వేగం తగ్గించి పెంచే రెడీమేడ్ పీడబ్ల్యూఎం బోర్డు ఒకటి రావాలి. తరువాత వైరుకు వరుసలో మోటారు సైకిల్ ఇండికేటర్ బల్బు, అంటే 12 వోల్టుల 10 వాట్ల బల్బు పెట్టండి. ఈ బల్బే ఇక్కడ కాపలాదారు. ఇంజను మామూలుగా నడిచేటప్పుడు తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి బల్బు వెలగదు, లేదా మసకగా ఉంటుంది. చక్రం పట్టాల మీద అడ్డంగా పడి షార్టు అయిన వెంటనే బల్బు ప్రకాశవంతంగా వెలిగి, కరెంటును 0.8 ఆంపియరు దగ్గర ఆపుతుంది. అడాప్టరు ఊపిరి పీల్చుకుంటుంది, మీకు తప్పు ఎక్కడో తెలుస్తుంది.

బల్బు తరువాత ఇంజను దిశ మార్చే ఆరు కాళ్ళ డీపీడీటీ స్విచ్చు. మధ్య రెండు కాళ్ళ నుంచి పట్టాలకు వైర్లు వెళ్ళాలి. ఒక చివరి జతకు సరఫరా ఇచ్చి, అదే జతను రెండో చివరి జతకు అడ్డంగా, ఎడమది కుడికీ కుడిది ఎడమకూ కలపాలి. పట్టాలకు వచ్చే రెండు వైర్లను షంటింగ్ నెక్ దగ్గరే టంకం వేయండి. పాయింట్లు కొనేటప్పుడు, పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగు దగ్గర ప్లాస్టిక్ ముక్క ఉన్న ఇన్సులేటెడ్ ఫ్రాగ్ రకం తీసుకుంటే ఇక ఏ వైరింగూ అక్కరలేదు. పాయింటు ఏ సైడింగు వైపు తిరిగి ఉంటే ఆ సైడింగుకే కరెంటు వెళుతుంది. ఆ ప్లాస్టిక్ ముక్క మీద నాలుగు చక్రాల ఇంజను ఆగిపోయే ప్రమాదం ఉంటుంది, ఆరు చక్రాలది తీసుకోమన్నది అందుకు కూడా.

పాత టేపు రికార్డరు మోటారుతో ఇంజను చేయవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఆ మోటార్లలో టేపు ఒకే వేగంతో తిరగడానికి లోపలే గవర్నరు ఉంటుంది కనుక, వోల్టేజీ తగ్గిస్తే వేగం మెల్లగా తగ్గదు. షంటింగ్‌కు కావలసిందల్లా ఆ మెల్లదనమే.

వ్యాగన్లు

శుభలేఖలు మనలో చాలామంది పారేయలేక అల్మారాలో దాచేవే. వాటి అట్ట గట్టిగా, నున్నగా ఉంటుంది, బ్లేడుతో కోస్తే అంచు చీలదు. రెండు పొరలు ఫెవికాల్‌తో అతికి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే సన్నని ప్లైవుడ్‌లా తయారవుతుంది. డబ్బా వ్యాగన్‌కు 75 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న అడుగు పలక కోయండి. పక్క గోడలు 24 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. గోడల మీద తలుపులకు, నిలువు బద్దీలకు ఒక్క పొర అట్టనే సన్నగా కోసి అతికించండి. పైకప్పు గుండ్రంగా ఉండాలి కాబట్టి ఒక్క పొర అట్టను తడిపి, పెద్ద సీసా చుట్టూ గుడ్డతో కట్టి ఆరనిస్తే ఆ వంపు నిలిచిపోతుంది.

చక్రాలు తగిలించేటప్పుడు ఎక్కువ ఓపిక కావాలి. ఇరుసు తన లోపల తేలికగా తిరిగేంత లావు రీఫిల్ ఎంచుకుని, సిరా అంతా స్పిరిటుతో కడిగి, రెండు చక్రాల మధ్య పట్టేలా 13 మిల్లీమీటర్ల ముక్కలు చేయండి. ఒక్కో ముక్కను పొడవునా ఒక చీలిక కోసి ఇరుసు మీద చిటుక్కున ఎక్కించి, చీలిక పైకి వచ్చేలా అడుగు పలక కింద అట్ట దిమ్మె మీద అతికించాలి. రెండు ఇరుసుల మధ్య 40 మిల్లీమీటర్లు ఉంచండి. జిగురు ఆరకముందే వ్యాగన్‌ను పట్టా మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ పట్టాను తాకుతున్నాయా, రెండు ఇరుసులూ సమాంతరంగా ఉన్నాయా అని పక్క నుంచీ పై నుంచీ చూసి సరిచేయాలి. ఇక్కడ ఫెవిక్విక్ వాడవద్దు, ఒక్క చుక్క చీలికలోకి పాకిందంటే ఇరుసు రీఫిల్‌కు శాశ్వతంగా అంటుకుపోతుంది.

అట్ట వ్యాగన్ మరీ తేలిక, నెట్టేటప్పుడు పట్టా దిగిపోతుంది. అమెరికన్ మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సూత్రం ప్రకారం హెచ్‌వోలో ఒక ఔన్సు, దానిపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువుండాలి. ఆ లెక్కన మనదానికి 70 గ్రాములు దాటుతుంది. కానీ ఇంజను చిన్నది, లాగేది మూడింటిని మించదు కనుక 50 గ్రాములు సరిపోతాయి. పాత నట్లు, వాషర్లు కిరాణా కొట్టు తూకంలో వేయించి, డబ్బా లోపల ఇరుసుల మధ్యభాగంలో అతికించండి. ఎనిమిదీ ఒకే బరువులో ఉండటం, ఎంత బరువన్న దానికంటే ముఖ్యం.

ఈ ప్లానులో బండి ఎప్పుడూ వెనుదిరగదు, ఇంజను ఎప్పుడూ నెక్ వైపే ఉంటుంది. అందువల్ల ప్రతి వ్యాగన్‌కు నెక్ వైపు చివర స్టేప్లర్ పిన్నుతో చేసిన వదులు వలయం, రెండో చివర పైకి వంచిన కొక్కెం పెడితే చాలు, ఇంజనుకు ఒక్క కొక్కెం మాత్రమే కావాలి. అగరుబత్తి పుల్ల చివర జెమ్ క్లిప్ ముక్క వంచి కట్టి, దానితో వలయాన్ని ఎత్తి తగిలించడం, విప్పడం చేస్తారు. స్టేషను పాయింట్స్‌మన్ బండ్ల మధ్య దూరి చేసే పని ఇదే.

రంగుకు గేటు రెడ్ ఆక్సైడ్ అద్భుతంగా కుదురుతుంది. టర్పెంటైన్‌తో పలచన చేసి రెండు పూతలు వేసి, ఆరాక వాడిన టీ డికాషన్‌లో ముంచిన బ్రష్షుతో కింది అంచులు తడిమితే ధూళి పట్టినట్లు వస్తుంది. అక్షరాలు తెల్ల జెల్ పెన్నుతో రాయవచ్చు. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది, అంతకు ముందు విజయవాడ డివిజను సదరన్ రైల్వేలో ఉండేది. మీ యార్డు కాలాన్ని బట్టి ఏ రైల్వే పేరు రాయాలో తేల్చుకోండి.

షెడ్డు, ప్లాట్‌ఫారం, నేల

గూడ్స్ షెడ్డు పైకప్పుకు అట్టపెట్టె లోపలి ముడతల కాగితం వాడాలని అందరికీ తోస్తుంది. దూరం నుంచి కూడా అది తప్పుగానే కనిపిస్తుంది, ఎందుకంటే అసలు రేకులో ముడత నుంచి ముడతకు సుమారు 75 మిల్లీమీటర్లు, అంటే మన స్కేలులో ముక్కాలు మిల్లీమీటరు. అట్టపెట్టె ముడత దానికి ఎన్నో రెట్లు పెద్దది. దీనికి సరైన పనిముట్టు పేన్ల దువ్వెన. హోటలు పార్సిలుకు వచ్చే అల్యూమినియం డబ్బా అడుగును రెండంగుళాల పట్టీలుగా కోసి, దువ్వెన పళ్ళ మీద పరిచి, వేలిగోరుతోనో పాత రబ్బరు ముక్కతోనో ప్రతి పంటి సందులోకీ నొక్కుకుంటూ రండి. తీసి చూస్తే రేకే. పట్టీలను కొంచెం కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికిస్తే, అసలు కప్పులో రేకులు కలిసే గీతలు కూడా వచ్చేస్తాయి.

ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైమట్టం నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక మోడలులో ఎనిమిది మిల్లీమీటర్లు పెట్టండి. దాని అంచు పట్టాల మధ్యగీత నుంచి 16.8 మిల్లీమీటర్ల దూరంలో రావాలి గానీ, చేతితో చేసిన వ్యాగన్లు కొద్దిగా ఊగుతాయి కాబట్టి 19 ఉంచడం క్షేమం. తలుపు 21, మనిషి 17 మిల్లీమీటర్లు. స్టేషను పేరు పసుపు పలక మీద నల్ల అక్షరాలతో, పైన తెలుగు, మధ్యలో హిందీ, కింద ఇంగ్లీషులో రాయాలి. సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా కింద వేస్తే చూసేవారు దగ్గరకు వంగి చదువుతారు.

గట్లు, కాలువ ఒడ్డు వంటి ఎత్తుపల్లాలు థర్మోకోల్‌తో చేయండి. దాన్ని ఫెవికాల్‌తోనే అతకాలి. ఫెవిక్విక్, రబ్బరు సొల్యూషన్, స్ప్రే రంగులు, టర్పెంటైన్ తగిలితే కరిగి గుంటలు పడుతుంది. పైన వార్తాపత్రిక ముక్కలు మైదా జిగురుతో రెండు పొరలు అంటిస్తే గట్టిపడుతుంది. పోస్టర్లు అంటించేవారిలాగే జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే బొద్దింకలు కొరకవు. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి సరిపెట్టుకోండి.

కంకరకు ఇళ్ళ పనుల దగ్గర దొరికే రాతి ఇసుక, అంటే ఎం-శాండ్ తీసుకోండి. నదీ ఇసుక గింజ నున్నగా ఉంటుంది, ఇది రాయి పగిలినట్లే కోణాలతో ఉంటుంది. అసలు కంకర 65 మిల్లీమీటర్లకు మించదు కనుక మనకు అర మిల్లీమీటరు చుట్టుపక్కల గింజలు కావాలి. టీ వడపోత గుండా జల్లించి, కింద పడినదాన్ని పలచని గుడ్డలో కడిగి పొడి పోగొట్టి ఆరబెట్టండి. తరువాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి ఇసుకలో కలియదిప్పండి, కవరు మీద నల్లటి మీసాల్లా ఇనుప రజను లేస్తుంది. అది పోయేదాకా తిప్పాలి, లేదంటే ఆ రజను ఇంజను మోటారు అయస్కాంతానికి చేరి దాన్ని పాడుచేస్తుంది. స్లీపర్ల మధ్య పొడిగా పోసి, మెత్తని బ్రష్షుతో సర్ది, నీళ్ళలో గిన్నెల సబ్బు చుక్క వేసి చిలకరించి, ఒకటికి రెండు పాళ్ళ నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను సిరంజితో చుక్కలుగా వదలండి. ఒక రోజు ముట్టుకోవద్దు.

మిగిలిన నేలకు వాడిన టీ పొడి, ఇటుక పొడి. టీ పొడిని ఎండబెట్టి, పాత మూకుడులో వేయించకపోతే వారంలో బూజు పడుతుంది. జల్లించిన రంపపు పొట్టుకు పోస్టర్ రంగు పట్టిస్తే గడ్డి, బీరకాయ పీచు ముక్కలు తుంచితే తుప్పలు. తాటిచెట్టు అసలు కొలతకు 20 సెంటీమీటర్లు వస్తుంది, అంత పెడితే యార్డు బొమ్మలా చిన్నబోతుంది కాబట్టి 12కు మించనివ్వకండి.

ఆడే పద్ధతి, సంరక్షణ

వ్యాగన్లకు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, చీటీలు డబ్బాలో వేయండి. మొదట ఐదు వ్యాగన్లను పొడవైన సైడింగులో, మూడింటిని ఒక చిన్న సైడింగులో నిలిపి, ఐదు చీటీలు తీసి, ఆ వరుసను నెక్ వైపు నుంచి మొదలుపెట్టి కూర్చాలి. ఇంజను ఒక్కసారికి మూడింటిని మించి నెక్‌లోకి లాగలేదు, చిన్న సైడింగులో మూడింటిని మించి పట్టవు, చేత్తో వ్యాగన్ ఎత్తకూడదు. ఎన్ని కదలికల్లో పూర్తయిందో లెక్క రాసుకుంటే ఇద్దరు పోటీగా కూడా ఆడవచ్చు.

ఆడే ముందు పట్టాల పైభాగాన్ని స్పిరిటు అద్దిన నూలు గుడ్డతో తుడవండి. ఉప్పుకాగితం పెట్టకండి, అది చేసిన గీతల్లో మురికి మరింతగా చేరుతుంది. చక్రాలు కూడా నల్లబడతాయి, గుడ్డను పట్టాల మీద పరిచి దాని మీద వ్యాగన్‌ను నాలుగు సార్లు నడిపితే శుభ్రపడతాయి. వాన రోజుల్లో బల్లను గోడకు ఆనించి నిలబెట్టకుండా, పాత దుప్పటి కప్పి చదునుగానే ఉంచండి.

పదేళ్ళ లోపు పిల్లలకు మొదట్లో ఎనిమిది వ్యాగన్ల వరుస కష్టమవుతుంది. వారికి ఐదు వ్యాగన్లే ఇచ్చి, పొడవైన సైడింగులో మూడు, మిగతా రెండింటిలో రెండేసి, నెక్‌లో రెండు అని హద్దులు పెట్టి, మూడు చీటీలు తీయమనండి. అప్పుడు వచ్చే వరుసలు అరవై మాత్రమే. అదే బల్ల మీద అగ్గిపుల్లలతో తాత్కాలికంగా గుర్తులు పెడితే సరిపోతుంది, వారికి చేయి తిరిగాక ఆ పుల్లలు తీసేయవచ్చు.